ఎడమ స్పీకరు మళ్లీ పలుకుతోంది: సాయం చేసిన వారికి కృతజ్ఞతలు

మా ఇంట్లోని పాత సాన్‌సూయి ఆంప్లిఫయర్‌కు స్పీకరు రిలే (స్పీకర్లను ఆంప్లిఫయర్‌కు కలిపే, విడదీసే విద్యుత్ స్విచ్చి) మార్చడం పూర్తయింది. ఎడమ ఛానెల్ ఇప్పుడు ఎంత తక్కువ శబ్దంలోనైనా నిలకడగా పలుకుతోంది. ఇందులో నా చేతి పని స్వల్పం. టార్చిలైటు పట్టుకోవడం, విప్పిన మరలు గిన్నెలో వేసి దాచడం, టీ పెట్టడం. మిగిలినదంతా నలుగురు చేసిపెట్టారు. నోటితో చెప్పిన ధన్యవాదాలు చాలవనిపించి ఇది రాస్తున్నాను. తన పేరు రాయవద్దని వారిలో ఒకరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. వారు చేసిన పని మాత్రం వివరంగానే రాస్తాను. ఓడల్లో పనిచేసిన వారు జపాను నుంచి, సింగపూరు నుంచి మోసుకొచ్చిన ఇలాంటి పెట్టెలు విశాఖపట్నంలో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. మాదీ అలాగే 1970ల చివర్లో మా బాబాయితో పాటు ఓడ దిగింది.

మొదటి కృతజ్ఞత మా కింది వాటాలో ఉండే పిన్నిగారికి. ఆవిడ వీణ నేర్పుతారు. నేను తెల్లవారుజామున ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టుకుంటాను, ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా బాగా తగ్గించి. ఒకరోజు పాల ప్యాకెట్లు ఇవ్వడానికి పైకి వచ్చి, గుమ్మంలోనే ఆగి, "ద్వారం వారు కుడిపక్కకు జరిగి కూర్చున్నారేమిటి నాయనా?" అన్నారు. నవ్వి ఊరుకునే మాట కాదది. నాయుడు గారు 1964లో పోయారు. ఆయన రికార్డింగులు మోనోలో ఉన్నవి. రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే శబ్దం కనుక వయొలిన్ సరిగ్గా మధ్యలో వినిపించాలి. అది పక్కకు జరిగిందంటే ఒక ఛానెల్ నీరసించిందని అర్థం. స్టీరియో రికార్డులో అయితే అసలు రికార్డింగే అలా ఉందేమో అనుకుని వదిలేస్తాం. పాత మోనో రికార్డింగును మించిన పరీక్ష లేదని ఆ తరువాత పెట్టెను బాగుచేయడానికి వచ్చిన మాస్టారు కూడా ఒప్పుకున్నారు.

జబ్బు లక్షణం విచిత్రమైనది. తక్కువ శబ్దంలో ఎడమ పక్క సన్నగిల్లుతుంది, గరగరమంటుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. శబ్దం బాగా పెంచగానే టప్పుమని తిరిగి వస్తుంది, ఆ తరువాత రోజంతా బుద్ధిగా ఉంటుంది. అందువల్ల దీన్ని ఎవరికైనా చూపించడమే కష్టం. ఊళ్లోని ఒక సర్వీసు కేంద్రంలో శబ్దం పెంచి విని, బాగానే ఉందన్నారు. తగ్గించి వినమని పట్టుబడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోయాయని, ఆ రకం ఇప్పుడు దొరకదని, లోపలి బోర్డులన్నీ తీసేసి కొత్తవి వేద్దామని తేల్చారు. పెట్టెను భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను.

రెండో కృతజ్ఞత ఆ మాస్టారికి. నేవల్ డాక్‌యార్డులో ఎలక్ట్రానిక్ పరికరాల పనిచేసి రిటైరయ్యారు, మల్కాపురంలో ఉంటారు. పిన్నిగారి దగ్గర వీణ నేర్చుకునే ఒక అమ్మాయికి తాతగారు. అలా కలిపారు ఆవిడ. సంచిలో మల్టీమీటరు, సిరీస్ బల్బు బోర్డు (పెట్టెలో షార్టు ఉంటే కరెంటును బల్బు అడ్డుకునేలా కట్టినది) పెట్టుకుని లాసన్స్ బే కాలనీలోని మా మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చారు. వచ్చి పెట్టె ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలు. బ్యాలెన్సు తిప్పితే గరగర మారుతోందా? స్విచ్చి వేసిన ఎంతసేపటికి లోపల టక్కుమంటోంది? స్పీకరు తీగలు అటూ ఇటూ మార్చి చూశావా? మార్చి చూస్తే జబ్బు స్పీకరుతో పాటు వెళ్లలేదు, ఆంప్లిఫయర్ ఎడమ పక్కనే ఉండిపోయింది. హెడ్‌ఫోను పెట్టి వింటే రెండు చెవులకూ శుభ్రంగా వినిపించింది. మా పెట్టెలో హెడ్‌ఫోనుకు వెళ్లే తీగ రిలేకు ముందునుంచే వెళ్తుంది.

"అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు పోతే రిలే అసలు పట్టదు నాయనా. రోజూ టక్కుమని పడుతోందంటే లోపలి కాపలావాడు అంతా క్షేమమే అంటున్నాడు. ఇక అనుమానించాల్సింది కాపలావాడినే," అన్నారు.

కొంచెం వివరించాలి. ఆంప్లిఫయర్‌కు కరెంటు ఇవ్వగానే లోపలి వోల్టేజీలు కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అంతవరకూ రిలే స్పీకర్లను విడిగా ఉంచుతుంది, అందుకే స్విచ్చి వేసినప్పుడు ధబ్బుమనే మోత స్పీకరుకు చేరదు. తరువాత ఎప్పుడైనా ట్రాన్సిస్టరు కాలిపోయి అవుట్‌పుట్‌లో డీసీ, అంటే స్పీకరును కాల్చేసే ఏకముఖ విద్యుత్తు, కనిపిస్తే రిలే వెంటనే వదిలేస్తుంది. ఎన్‌ఈసీ వారి యూపీసీ1237, తోషిబా వారి టీఏ7317 లాంటి చిప్‌లు కేవలం ఈ కాపలా కోసమే తయారయ్యాయి. మాదాంట్లో చిప్ లేదు, విడి ట్రాన్సిస్టర్లతోనే కట్టారు. అంటే స్పీకరుకు వెళ్లే ప్రతి స్వరమూ ఆ రిలేలోని రెండు చిన్న బిళ్లల మధ్య నుంచే పోవాలి. అవి వెండి మిశ్రమంతో చేసినవి. గాలిలోని గంధకం వాయువులు తగిలితే వెండి నల్లబడుతుంది. దానికి మన సముద్రపు తేమ, ఉప్పు తోడు. మా రిలేకు ఉన్నది పలుచని ప్లాస్టిక్ మూత మాత్రమే, గాలి చొరని సీలు కాదు. నలభై ఏళ్లకు పైగా ఆ బిళ్లలు సముద్రపు గాలి పీల్చాయి.

తక్కువ శబ్దంలోనే ఎందుకు చెడుతుందో కూడా మాస్టారు లెక్క వేసి చూపించారు. 8 ఓమ్‌ల స్పీకరులో 50 మిల్లీవాట్లు అంటే సుమారు 0.63 వోల్టులు, 80 మిల్లీఆంపియర్ల లోపు. బిళ్లల మీది నల్లని పొరను ఛేదించడానికి అంత చిన్న వోల్టేజి ఒక్కోసారి చాలదు. శబ్దం పెంచితే వోల్టేజి పెరిగి పొర చిట్లుతుంది, దారి తెరుచుకుంటుంది.

అయినా ఆయన టంకం ఇనుము ముట్టలేదు. ముందువైపు ఉండే ఏ, బీ స్పీకరు స్విచ్చి (రెండు జతల స్పీకర్లలో ఏది పలకాలో ఎంచుకునేది) మురికిపట్టినా సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయట. రుజువు కావాలన్నారు. ఫోను నుంచి సన్నని ఈల శబ్దం ఇచ్చి, అవుట్‌పుట్ 0.63 వోల్టుల దగ్గర ఉంచి, మీటరును ఏసీ మిల్లీవోల్టులకు తిప్పి, రిలే బిళ్లలకు అటూ ఇటూ ముళ్లు ఆనించారు. కుడిపక్క రెండు మిల్లీవోల్టులు. ఎడమపక్క ఒకసారి 40, ఒకసారి 170, ఎక్కడా నిలవలేదు. స్విచ్చి మీద కొలిస్తే రెండు పక్కలా మూడు దాటలేదు. "ఇప్పుడు దొరికాడు," అన్నారు. నాకు ఆ క్షణంలో కలిగిన సంతోషం పాట తిరిగి వినిపించినప్పటి కంటే ఎక్కువేమో. ఒకటి తరువాత ఒకటి విడిభాగాలు మార్చుకుంటూ పోయేవారిని చాలామందిని చూశాను. మార్చకముందు తప్పు ఎక్కడుందో అంకెల్లో చూపించిన మనిషిని చూడటం ఇదే మొదలు.

రిలే మూత తీసి, విజిటింగు కార్డు ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి బిళ్లల మధ్య లాగితే నల్లని గీత వచ్చింది. కొన్నాళ్లు బాగా పలికింది, మళ్లీ మొదటికొచ్చింది. గుంటలు పడ్డ బిళ్లలకు అది తాత్కాలికమేనని ఆయన ముందే చెప్పారు. ఉప్పుకాగితంతో రుద్దుతానంటే మాత్రం కసిరారు. పైపూత పోతే ఇంకా తొందరగా నల్లబడుతుందట.

ఈ మధ్యలో రిలేను పక్కన పెట్టి తీగతో నేరుగా కలిపేయమని సలహా ఇచ్చిన స్నేహితులు ఉన్నారు. మంచి మనసుతోనే చెప్పారు. కానీ దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మా పెట్టెలో సరఫరా 45 వోల్టులు. కాపలా లేని రోజున ట్రాన్సిస్టరు షార్టయితే ఆ 45 వోల్టులూ 8 ఓమ్‌ల మీద పడతాయి. 250 వాట్లకు పైగా వేడి, కదలక మెదలక, ఒక్క తీగచుట్టలో. స్పీకరు మీద ఆశ వదులుకోవలసిందే.

దాబాగార్డెన్స్‌లోని విడిభాగాల దుకాణం యజమానికి మూడో కృతజ్ఞత. నేను అడిగిన రిలే, 24 వోల్టుల డీసీ, రెండు పోల్‌లది (రెండు ఛానెళ్లనూ ఒకేసారి కలిపేది), ఆయన దగ్గర ఉంది. దాని అట్టపెట్టె మీద పెద్ద కంపెనీ పేరే ఉంది. డబ్బు తీసుకోబోతూ ఆగి, రిలే పైన అచ్చును బొటనవేలితో రుద్దారు. అక్షరాలు చెరిగాయి. కాళ్ల మీద పాత టంకం జాడ చూపించి, అంటే వాడేసినదని తేల్చి, "ఇది మీకు ఇవ్వనండి, వారం ఆగండి," అన్నారు. చేతిలోకి వచ్చిన బేరాన్ని వదులుకుని, అధీకృత పంపిణీదారు నుంచి ఒమ్రాన్ జీ2ఆర్ తరహా రిలేలు తెప్పించారు. బిళ్లల సామర్థ్యం 5 ఆంపియర్లు. మాది 60 వాట్ల పెట్టె, 8 ఓమ్‌లలో పూర్తి శక్తికి సుమారు 2.7 ఆంపియర్లు, కాబట్టి సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, పాత రిలే మార్చాలనుకునే వారు గమనించాలి. పాతదాని కాయిలు (రిలేను పట్టించే తీగచుట్ట) 650 ఓమ్‌లు, కొత్తదాని కాయిలు 1100. రెండింటి మీదా 24 వోల్టులనే రాసి ఉంటుంది. మా బోర్డులో 45 వోల్టుల నుంచి 560 ఓమ్‌ల రెసిస్టరు ద్వారా కాయిలుకు కరెంటు వెళ్తుంది. పాత కాయిలుతో లెక్క సరిగ్గా 24 దగ్గర తేలుతుంది. కొత్తదాన్ని అలాగే పెడితే కాయిలు మీద దాదాపు 30 వోల్టులు పడి రోజంతా వేడెక్కుతుంది. రెసిస్టరును ఒక కిలోఓమ్, ఒక వాటుది చేస్తే 23.6 వోల్టులు. మాస్టారు ఇదంతా పత్రిక అంచు మీద పెన్సిలుతో వేశారు. ఆ ముక్క కత్తిరించి పెట్టె మూత లోపల అంటించాను, రేపు ఎవరైనా తెరిస్తే తికమక పడకుండా.

నాలుగో మనిషి మా మేనకోడలు. మాస్టారికి చేయి కొద్దిగా వణుకుతుంది, అందుకని టంకం పని దాని చేత చేయించారు. ఇంజినీరింగు చదువుతోంది కానీ నలభై ఏళ్ల నాటి బోర్డును ముట్టుకోవడం మొదటిసారి. కెపాసిటర్లలోని విద్యుత్తు రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసేదాకా ఆయన దాన్ని చేయి పెట్టనివ్వలేదు. పాత బోర్డుల్లో వేడి కాస్త ఎక్కువైతే రాగి గీత లేచిపోతుంది. ఒక్కో కాలి దగ్గర "చాలమ్మా, తియ్యి," అంటూ పక్కనే కూర్చున్నారు. కొత్త రిలే కాళ్లు పాత రంధ్రాలకు సరిపోలేదు. చిన్న బోర్డు ముక్క మీద దాన్ని నిలబెట్టి, ఇంటి వైరింగులో మిగిలిన లావు రాగి తీగతో పొట్టిగా కలిపింది. కాయిలుకు అడ్డంగా ఉండే డయోడును, ఆలస్యాన్ని నిర్ణయించే ఎండిపోయిన కెపాసిటరును కూడా అప్పుడే మార్చింది. టంకం చుక్కలు నావైతే ఇంత నున్నగా ఉండేవి కావు.

స్పీకర్లు తగిలించకుండా సిరీస్ బల్బు మీద మొదట వెలిగించారు. బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది, అంటే షార్టు లేదు. తరువాత నేరుగా కరెంటు ఇచ్చి అవుట్‌పుట్‌లో డీసీ కొలిస్తే ఎడమ 14 మిల్లీవోల్టులు, కుడి 9. యాభై లోపు ఉంటే చింత లేదన్నారు. కాపలా సర్క్యూటు గమనించే చోట చిన్న బ్యాటరీతో డీసీ చూపించగానే రిలే టక్కున వదిలేసింది. అప్పుడు గానీ స్పీకరు తీగలు నా చేతికి ఇవ్వలేదు.

డబ్బు ఇవ్వబోతే మాస్టారు తీసుకోలేదు. బాలమురళి కచేరీ ఒకటి మొదటి నుంచి చివరిదాకా వినిపించమన్నారు. విన్నంతసేపూ నన్ను మాట్లాడనివ్వలేదు. పాత రిలేను మాత్రం మనవరాలికి చూపిస్తానని జేబులో వేసుకున్నారు.

దుకాణంలో ఒకటీ రెండూ తెప్పించడం కుదరక నా దగ్గర మూడు రిలేలు మిగిలాయి. విశాఖలో ఎవరి ఆంప్లిఫయర్‌కైనా ఇదే జబ్బు ఉంటే అడగండి, ఊరికే ఇస్తాను. అయితే మీ పాత రిలే కాయిలు ఎన్ని ఓమ్‌లో, దాని ముందు రెసిస్టరు ఎంతో కొలిచి రండి. అవి చెప్పని వారికి ఇవ్వవద్దని మాస్టారి ఆజ్ఞ.