మందు చీటీ చదవడం నేర్పిన నా వాళ్లకు

ఈ వారం ఆసుపత్రి ఫార్మసీలో నా ట్రైనింగ్ పూర్తయింది. సోమవారం నుంచి ఐవీ రూమ్‌లో, అంటే నరంలోకి ఎక్కించే మందులు కలిపే గదిలో, డ్యూటీ. ముందుగా ఎవరికి చెప్పాలో వాళ్లకు ఫోన్ చేశాను గానీ, ఏడుపొచ్చి అనుకున్నవేవీ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను డల్లాస్ వచ్చింది హెచ్4 వీసా మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాకు తోడుగా భార్యకిచ్చే వీసా. హెచ్4 వాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చని 2015లోనే రూల్ వచ్చినా, మా ఆయన గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు అప్రూవ్ అయ్యేదాకా అది నాకు వర్తించలేదు. పని చేసుకోవడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చేసరికి నేను ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లు. తెనాలిలో బీఎస్సీ చదివి, రెండేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. అందరూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయమన్నారు. చేరాను కూడా. మనసు పట్టలేదు.

గుళ్లో పరిచయమైన అక్క ఒకరోజు అడిగింది, "మీ నాన్నగారు మందుల షాపులో పనిచేశారన్నావు కదా, ఫార్మసీ టెక్నీషియన్‌గా ఎందుకు చేయకూడదు?" అని. ఫార్మసిస్టు చేతికింద మందులు సిద్ధం చేసే అలాంటి ఉద్యోగం ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది.

అక్కా, నువ్వు ఆరోజు ప్రసాదం పంక్తిలో నిలబడి చెప్పినవన్నీ ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. టెక్సాస్ ఫార్మసీ బోర్డులో ట్రైనీగా రిజిస్టర్ అయితే, సర్టిఫికేషన్ పరీక్ష పాసవడానికి రెండేళ్ల టైమ్ ఉంటుంది. ఈలోగా జీతం తీసుకుంటూనే పని నేర్చుకోవచ్చు. పీటీసీబీ అనే సంస్థ పెట్టే ఆ పరీక్షలో 90 ప్రశ్నలు, గంటా యాభై నిమిషాలు, పాసవ్వాలంటే 1400 స్కోరు.

మందుల పేర్లే నాకు పెద్ద టెన్షన్. మన పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. సాల్బుటమాల్‌ని ఆల్బ్యుటరాల్ అంటారు, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అంటారు. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్న పేర్లన్నీ మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. లెక్కలు అంతకంటే భయం. పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నరకు అక్క ఫోన్ చేసేది. 5 ఎంఎల్‌లో 250 మిల్లీగ్రాములుండే సిరప్, డాక్టర్ రాసింది 400 మిల్లీగ్రాములు, ఎంత పోయాలి? నేను గబగబా సూత్రం వెతుక్కుంటుంటే ఆపేది. "ముందు 5 కంటే ఎక్కువ రావాలా, తక్కువ రావాలా చెప్పు. లెక్క తర్వాత చేద్దాం." జవాబు 8 ఎంఎల్. ఇప్పటికీ ఏ డోసు చూసినా నేను ముందు వేసుకునే ప్రశ్న అదే.

మొదటిసారి పరీక్ష తప్పాను. నేను రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకు మామూలుగానే ఫోన్ మోగింది. అక్క ఆ పరీక్ష ఊసే ఎత్తకుండా కొత్త లెక్క ఇచ్చింది. రెండోసారి పాసయ్యాను.

ఇక ఆసుపత్రికి ముందు నేను పనిచేసిన మందుల స్టోర్‌లో ఫార్మసిస్ట్ మేడం. ఆమెకు తెలుగు రాదు. ఈ పోస్టు చదివి వినిపిస్తానని మాటిచ్చాను. నేను చేరిన నాలుగో నెలలో, సాయంత్రం రద్దీలో ఒక ప్రిస్క్రిప్షన్ ఎంటర్ చేస్తూ హైడ్రాలజిన్ బదులు హైడ్రాక్సిజిన్ ఎంచుకున్నాను. ఒకటి బీపీకి, రెండోది దురదకు, ఆందోళనకు ఇచ్చేది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి నాలుగు అక్షరాలు ఒకటే, కంప్యూటర్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి. వెరిఫికేషన్‌లో మేడం పట్టుకున్నారు కాబట్టి ఆ మందు కౌంటర్ దాటలేదు. నా చేతులు వణికిపోయాయి, ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆమె నన్ను పక్కకు పిలిచి ఆ రెండు పేర్లూ కాగితం మీద రాయించారు, తేడా ఉన్న అక్షరాలు మాత్రం పెద్దవిగా. "సందేహం వస్తే రోజుకు వందసార్లు అడుగు. నేను విసుక్కోను" అన్నారు. నిజంగానే ఎప్పుడూ విసుక్కోలేదు. క్యూలో పదిహేను మంది ఉన్నప్పుడు కూడా.

టెక్నీషియన్ మందు ఎలా వాడాలో సలహా చెప్పకూడదు, అది ఫార్మసిస్టే చెప్పాలి. ఒకసారి మన ఊళ్ల వైపు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ యాంటీబయాటిక్ తీసుకుంటూ, నా పేరు బ్యాడ్జీ చూసి, "అమ్మాయీ, ఇది అన్నానికి ముందా, తర్వాతా?" అని అడిగారు. జవాబు నాకు తెలుసు. అయినా మేడంని పిలిచి, ఆమె చెప్పింది తెలుగులో చెప్పాను. ఆ పెద్దావిడ కౌంటర్ మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి నిమిరారు. ఈ పనే చేయాలని ఆ రోజు గట్టిగా అనిపించింది. ఆసుపత్రి ఉద్యోగానికి సిఫార్సు ఉత్తరం రాసిందీ మేడమే. నేను వెళ్లిపోతే స్టోర్‌లో మనిషి తక్కువవుతారని తెలిసీ రాశారు.

ఐవీ రూమ్‌లో పని రోజూ మోచేతుల దాకా చేతులు కడుక్కోవడంతో మొదలవుతుంది. ట్రైనింగ్‌లో స్టెరైల్ గ్లవ్స్ వేసుకున్న వేళ్లను అగర్ ప్లేటు (క్రిములుంటే పెరిగి కనిపించే ప్లేటు) మీద ఆనించాలి. మూడుసార్లు ఈ పరీక్ష జరిగితే మూడుసార్లూ ఒక్క క్రిమి మచ్చ కూడా రాకూడదు. నాకు రాలేదు! ఆ రిజల్ట్ కాగితం ఫోటో తీసి అక్కకు పంపాను.

వారాంతం షిఫ్టుల్లో పిల్లల్ని, వంటని చూసుకున్న మా ఆయనకు, అమెరికాలో ఉన్న ఆరు నెలలూ "నువ్వు వెళ్లి చదువుకో" అని నా చేతిలో గరిటె లాక్కున్న అత్తయ్యగారికి కూడా చాలా చాలా థ్యాంక్స్.

నాన్నా, తెనాలి షాపులో నువ్వు మందు కవర్ల మీద 1-0-1 అని రాసి, ఇచ్చే ముందు చీటీనీ స్ట్రిప్పునీ పక్కపక్కన పెట్టి రెండోసారి చదివేవాడివి. ఎందుకు మళ్లీ చూస్తావని చిన్నప్పుడు అడిగేదాన్ని. సోమవారం నుంచి నాది సాయంత్రం షిఫ్టు. నీకు పొద్దున కాఫీ టైమ్‌కి నేను ఫోన్ తీయను, ఐవీ రూమ్‌లో ఉంటాను.