మునగాల, పరిటాల దగ్గర ఒక్కో బోర్డు పెట్టండి

సంపాదకుడి గారికి,

హైదరాబాద్–విజయవాడ రహదారిని ఆరు వరుసలు చేస్తామంటున్నారు. చెయ్యాల్సిందే. సంక్రాంతి రద్దీలో టోల్‌గేట్ల దగ్గర గంటల తరబడి ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ పొక్లెయిన్లు దిగేలోపే అధికారుల చెవిన ఒక మాట పడాలని ఈ లేఖ రాస్తున్నాను.

2010లో నంబర్లు మార్చి దీన్ని 65 చేశారు గానీ, మా వైపు చాలామందికి ఇప్పటికీ ఇది ఎన్‌హెచ్ 9. మా నాన్న మాత్రం బందరు రోడ్డు అనేవారు. ఆయన మాటే సరైనదని నాకనిపిస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఓడల మీద వచ్చిన సరుకు బందరులో, అంటే మచిలీపట్నంలో దిగి, ఇంచుమించు ఈ దారినే రాజధానికి చేరేది. వజ్రాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో ఈ దారిన నడిచినవాడే. హయత్‌నగర్‌లో గోల్కొండ రాణి హయత్ బక్షీ బేగం కట్టించిన మసీదు చుట్టూ బాటసారులు దిగడానికి గదులున్నాయి, పక్కనే హాథీ బౌలి అనే పాత బావి ఉంది. రోజూ ఆ ముందు నుంచే వేల బండ్లు పోతున్నాయి. ఎంతమందికి తెలుసు?

ఇక అసలు సంగతి. ఈ ఒక్క రోడ్డు మీదే, ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లాంటి ఊళ్లు రెండున్నాయి. సూర్యాపేట, కోదాడ మధ్య ఉన్న మా మునగాల, చుట్టూ నైజాం రాజ్యమే అయినా, ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాలోని పరగణా. కంచికచర్ల దాటాక వచ్చే పరిటాల దానికి సరిగ్గా తిరగేసిన ఊరు. చుట్టూ ఇంగ్లీషు పాలన, ఊరేమో నైజాముది. 1947 ఆగస్టు 15న మునగాలకి స్వాతంత్ర్యం వచ్చింది, ఇరుగుపొరుగు ఊళ్లకి రాలేదు. పరిటాల ఇరుగుపొరుగుకి వచ్చింది, పరిటాలకి రాలేదు. ఆ ఊరివాళ్లు ఊరుకోలేదు, తమది స్వతంత్ర రిపబ్లిక్ అని ప్రకటించుకున్నారు. మునగాల పొలిమేర దాటగానే జేబులో ఇంగ్లీషువాళ్ల కల్దారు తీసి నైజాం హాలీ రూపాయి పట్టుకోవాల్సి వచ్చేదని, కరోడ్గిరి (సుంకం) వాళ్లు మూటలు విప్పించేవారని నాన్న చెబుతుంటే, చిన్నప్పుడు మాకు అదొక కథలా ఉండేది. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో.

ఈ పరగణా రాజా నాయని వెంకట రంగారావు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టిందంటే అందులో ఈ ఇద్దరి చెయ్యీ ఉంది. నైజాం ఏలుబడిలో తెలుగు చదువుకోవడానికి ఒక చోటు చూపించిన మనుషులు వాళ్లు. ఆ మాట చెప్పే అక్షరం ఒక్కటైనా మా ఊరి దగ్గర హైవే మీద కనపడదు.

పోయిన దసరాకి మనవణ్ణి తీసుకుని బస్సులో విజయవాడ వెళ్తున్నాను. పరిటాల రాగానే వాడు కిటికీకి అతుక్కుపోయి ఆంజనేయస్వామి విగ్రహం చూశాడు. "తాతయ్యా, ఇక్కడ ఇంకేం ఉంది?" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టేలోపే ఊరు వెనక్కి పోయింది. ఆ స్పీడులో చెప్పడానికి తాత చాలడు. ఆగి చదువుకునే చోటు ఉండాలి.

నాలుగు వరుసలు చేసినప్పుడు మా ఊరి చివర ఉన్న పాత కిలోమీటరు రాయిని పెకలించి పక్క కాలవలో పడేశారు. చాలాకాలం అక్కడే బోర్లా పడి ఉంది. పసుపు రంగంతా పెచ్చులూడిపోయి, బురద తుడిస్తే 'మచిలీ' అన్న అక్షరాలు మాత్రం కనపడేవి. ఓ వానాకాలం తర్వాత అదీ లేదు. ఈసారి అలాంటి రాళ్లు ఎక్కడ మిగిలినా తీసి, దగ్గరి గ్రంథాలయంలోనో బడిలోనో పెట్టించాలి.

నేను అడిగేది కోట్ల ఖర్చు కాదు. మునగాల, పరిటాల, హయత్‌నగర్‌ల దగ్గర సర్వీసు రోడ్డులో బండి ఆపుకునే చోట, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక్కో బోర్డు. రోడ్డు డిజైన్ కాగితం మీద ఉండగానే ఆ స్థలం గుర్తిస్తే సరిపోతుంది. తారు పడ్డాక అడిగితే చోటు లేదంటారు. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలు, జాతీయ రహదారుల అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలని కోరుతున్నాను. రాయాల్సిన విషయం కావాలంటే, మా ఊరి పెద్దవాళ్లలో చెప్పగలిగినవాళ్లు ఇంకా కొందరున్నారు.

– ఒక రిటైర్డ్ టీచరు,
మునగాల, సూర్యాపేట జిల్లా