మాటతో సందేశం పంపడం సౌకర్యమే, భద్రత కాదు

సంపాదకులకు నమస్కారం.

కొత్త కార్ల గురించి మీ పత్రికలో వచ్చే సమీక్షలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటి చివర ఇచ్చే సదుపాయాల పట్టికలో ‘భద్రత’ అనే శీర్షిక కింద ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులతో పాటు చేతులు వాడకుండా మాటతోనే సందేశాలు పంపే సదుపాయాన్ని కూడా చేర్చడం కొంతకాలంగా గమనిస్తున్నాను. ఆ ఒక్క అంశాన్ని అక్కడి నుంచి తీసి, పాటలు వినే ఏర్పాటు ఉండే ‘సౌకర్యాలు’ వరుసలోకి మార్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ కారు కొనబోయే మనిషి ఆ పట్టికను నమ్ముతాడు. రేపు స్టీరింగ్ మీద మైకు గుర్తున్న బటన్ నొక్కిన ప్రతిసారీ, తాను జాగ్రత్తపరుడినేనన్న ధీమా అతనికి ఆ పట్టిక నుంచే వస్తుంది.

నేనూ అలాగే నమ్మాను. ఇరవై ఏళ్లకు పైగా కారు నడుపుతున్నాను, నడుపుతూ ఫోను చేతిలోకి తీసుకున్న సందర్భం ఒక్కటీ లేదు. కారు మార్చినప్పుడు అందులో పాటలకూ, దారి చూపడానికీ, ఫోనుకూ కలిపి తెరతో ఉండే ఇన్ఫోటైన్‌మెంట్ వ్యవస్థకు ఫోను కలుపుకొని, వచ్చిన సందేశాలను అది చదివి వినిపిస్తుంటే నోటితోనే జవాబులు చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి ‘ఐదింటికి వస్తాను’ అని పంపమంటే, అది ‘ఐదుగురితో వస్తాను’ అని చదివి, పంపమంటారా అని అడిగింది. వద్దన్నాను. మళ్లీ చెప్పమంది. ఈసారి గొంతు పెంచి, మాటను విడదీసి చెప్పి, ఏం రాసుకుందో చూద్దామని తెర వైపు తిరిగాను. పక్క సీట్లో ఉన్న నా భార్య ‘బ్రేకు!’ అని అరిచేదాకా ముందు వెళుతున్న లారీ ఆగిపోయిందన్న సంగతి నాకు తెలియలేదు. కారు ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. అయితే నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది తెర వైపు తిరిగిన ఆ క్షణం కాదు. అంతకు ముందే, నా చూపు రోడ్డు మీదే ఉన్నప్పుడే, ఆ లారీ వెనక ఎర్రదీపాలు వెలిగి ఉండాలి. అవి నా కళ్ల ముందే ఉన్నాయి, నేను మాత్రం వాటిని చూడలేదు.

కళ్లు ఒకచోట ఉండి మనసు మరోచోట ఉండే ఈ స్థితిని పరిశోధకులు చాలా ఏళ్లుగా కొలుస్తున్నారు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన ఆచార్యుడైన డేవిడ్ స్ట్రేయర్, ఆయన సహచరులు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేతులు వాడకుండా ఫోనులో మాట్లాడుతూ సిమ్యులేటర్ (కారు నడిపే అనుభవాన్ని తెర మీద కల్పించే యంత్రం) నడిపినవారు తమ చూపు నేరుగా నిలిచిన వస్తువులను కూడా తర్వాత సరిగా గుర్తుపట్టలేకపోయారు. అదే బృందం 2013లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారి ట్రాఫిక్ భద్రతా ఫౌండేషన్ కోసం, నడుపుతూ చేసే రకరకాల పనులు మెదడు మీద ఎంత భారం వేస్తాయో 1 నుంచి 5 వరకు ఉండే కొలమానం మీద లెక్కగట్టింది. కేవలం కారు నడపడాన్ని 1గా తీసుకుంటే, రేడియో వినడం 1.21 దగ్గర, చేతులు వాడకుండా ఫోనులో మాట్లాడటం 2.27 దగ్గర, ఫోను చేత్తో పట్టుకొని మాట్లాడటం 2.45 దగ్గర నిలిచాయి. మాటను అక్షరాలుగా మార్చే వ్యవస్థతో సందేశాలు వింటూ, పంపుతూ నడపడం 3.06కు చేరింది. చట్టాలు నిషేధించిన పని కంటే, మనం భద్రత అని పిలుస్తున్న పని మెదడుకు ఎక్కువ భారమైందన్నమాట.

ఎందుకలా అవుతుందో కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది. పాట వినేటప్పుడు మనం ఏమీ తయారుచేయనక్కర లేదు, ముందు ఏదైనా అడ్డొస్తే ఆ పాటను మనసు దానంతట అదే వదిలేస్తుంది. సందేశం చెప్పడం అలాంటిది కాదు. ఎవరికి పంపాలో చెప్పాలి, ఆ పేరున్న ఇద్దరిలో ఎవరని అడిగితే తేల్చాలి, శబ్దం వచ్చేదాకా ఆగాలి, వాక్యాన్ని మనసులో ముందే కూర్చుకొని తడబడకుండా ఒక్క ఊపున అప్పజెప్పాలి, అది తిరిగి చదివినదాన్ని తాను చెప్పినదానితో పోల్చుకోవాలి, తప్పుంటే మొదటికి రావాలి. తోటి మనిషితో అయితే సగం మాటలోనే ఆపేయవచ్చు, యంత్రం దగ్గర ఆగితే వాక్యం అయిపోయిందనుకుంటుంది. ఒక భాష మాటలను మరో భాష లిపిలో రాసుకునేవారికి, ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేవారికి ఈ కష్టం ఇంకా ఎక్కువ. వచ్చిన సందేశాన్ని యంత్రం వేరే భాష ఉచ్చారణలో చదివితే, అందులో ఏముందో ఊహించుకోవడమే ఒక పొడుపుకథ విప్పినంత పని. పైగా గుర్తింపులో వచ్చే ప్రతి తప్పూ మన చూపును తెర మీదకు లాగుతుంది. చేతులకు విశ్రాంతి ఇస్తుందన్న పరికరం చివరికి కంటికే పని పెడుతుంది.

చేత్తో టైపు చేయడంతో పోలిస్తే ఇది మేలు కదా అనేవారు ఉన్నారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. టెక్సాస్ ఏ అండ్ ఎం రవాణా పరిశోధనా సంస్థ 2013లో వాహనాలు తిరగని ట్రాక్ మీద 43 మంది చేత నిజమైన కారు నడిపించి పరీక్షించింది. సందేశాల జోలికి పోనప్పటితో పోలిస్తే, టైపు చేసినప్పుడూ, మాటతో పంపినప్పుడూ కూడా వారు స్పందించడానికి దాదాపు రెట్టింపు సమయం తీసుకున్నారు. రోడ్డు మీద చూపు నిలిపిన సమయం కూడా రెండు సందర్భాల్లోనూ తగ్గింది. కానీ మాటతో పంపేటప్పుడు తాము ఎక్కువ సురక్షితంగా ఉన్నట్టు అనిపించిందని వారే చెప్పారు. నడిపే తీరు ఒకేలా దెబ్బతిన్నా భయం మాత్రం తగ్గిందంటే, టైపు చేసేవాడికి ఉండే జంకు కూడా మాటతో పంపేవాడికి లేకుండా పోయిందని నేను అర్థం చేసుకున్నాను.

సందేశం వెళ్లిపోయిందని వినిపించగానే ప్రమాదం తీరిపోదు. యూటా బృందం 2015లో చేసిన మరో పరిశీలనలో, ఎక్కువగా ఇబ్బంది పెట్టిన వ్యవస్థలతో పని ముగించాక మనసు పూర్తిగా రోడ్డు మీదకు తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. గంటకు 40 కిలోమీటర్ల మామూలు వేగంతో వెళ్లే బండి 27 సెకన్లలో 300 మీటర్లు పోతుంది. ఆ 300 మీటర్లలో రోడ్డు దాటే మనిషి ఒకరైనా ఉండరా?

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. తెరను వేలితో తాకుతూ పనిచేయడం కంటే మాటతో పనిచేయడం మెరుగే. బ్రిటన్‌లో 2020లో ఐఏఎం రోడ్‌స్మార్ట్ అనే రహదారి భద్రతా సంస్థ తరఫున టీఆర్ఎల్ అనే రవాణా పరిశోధనా సంస్థ జరిపిన అధ్యయనంలో, ఫోనును కారు తెరకు కలిపే వ్యవస్థలను వేలితో తాకి వాడినప్పుడు స్పందించే సమయం ఆపిల్ కార్‌ప్లేతో 57 శాతం, ఆండ్రాయిడ్ ఆటోతో 53 శాతం పెరిగితే, మాటతో వాడినప్పుడు అది వరసగా 36, 30 శాతం పెరిగింది. అయితే అదే నివేదికలో పోలిక కోసం ఇచ్చిన పాత లెక్క ప్రకారం, అక్కడి చట్టం అనుమతించే పరిమితి మేరకు మద్యం తీసుకున్నవారిలో ఆ పెరుగుదల 12 శాతం. దారి చూపమని ఒక్క మాట అడగడానికీ, అత్యవసరంగా సహాయం పిలవడానికీ స్వర వ్యవస్థ ఉండటం మంచిదే, దాన్ని తీసేయమని నేను కోరను. నా అభ్యంతరమల్లా కదులుతున్న బండిలో వాక్యాలు కూర్చి ఉత్తరాలు నడపడం గురించి, దానికి భద్రత అనే పేరు తగిలించడం గురించి.

పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడటాన్ని కూడా నిషేధిస్తారా అని అడిగేవారికి నా అనుభవంలోనే జవాబుంది. నా భార్యా నేనూ ఒకే రోడ్డును చూస్తున్నాం. ఇరుకు మలుపు వస్తే ఆమె మాట ఆపుతుంది, నేను చూడనిది తాను చూస్తే అరుస్తుంది. స్ట్రేయర్ సహచరులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో కూడా, ప్రయాణికులతో మాట్లాడినవారి సంభాషణ రోడ్డు పరిస్థితి వైపు మళ్లడం కనిపించింది. ముందున్న లారీ ఆగిపోయిందని ఆ తెరకు తెలియదు, అందుకే మళ్లీ చెప్పమని అడుగుతూనే ఉంటుంది.

నియమాలు ఇంకా చేతులూ కళ్ల దగ్గరే ఆగిపోయాయి. చాలా దేశాల చట్టాలు ఫోను చేత్తో పట్టుకోవడాన్నే తప్పుగా చూస్తాయి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో కార్ల తయారీదారులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఒక్కో చూపు 2 సెకన్లకు, ఒక పని మొత్తానికి తెర వైపు చూసే సమయం 12 సెకన్లకు మించకూడదని ఉంది. ఆ అంకెలు కంటికీ చేతికీ సంబంధించినవే, నోటితో చేసే పని వాటి పరిధిలోకి రాదు.

తయారీదారులు చేయగలిగినది చాలా ఉంది. నడుపుతున్నప్పుడు సందేశాలను ఆపి, ‘కారు నడుపుతున్నాను, తర్వాత మాట్లాడతాను’ అని ఫోనే జవాబిచ్చే ఏర్పాటును ఆపిల్ 2017లోనే తెచ్చింది. అలాంటిది ఎవరో వెతికి పెట్టుకునే సదుపాయంగా కాకుండా, కారుతో ఫోను కలిపిన వెంటనే దానంతట అదే మొదలవ్వాలి. చక్రాలు తిరుగుతున్నంతసేపు కొత్త సందేశం చెప్పనివ్వకుండా, ముందే సిద్ధం చేసి ఉంచిన ఒకటి రెండు జవాబులకే పరిమితం చేయడం సాంకేతికంగా పెద్ద కష్టం కాదు. బండి నడిపేవారికి అవతలి నుంచి సందేశాలు పంపే మన బాధ్యత కూడా తక్కువేమీ కాదు. బతుకుతెరువు కోసం రోజంతా బండి నడిపేవారికి ‘ఎక్కడున్నావు’ అని పది నిమిషాలకోసారి సందేశం పెట్టే యజమానులు, కొనుగోలుదారులు ఆ జవాబు ఎలా వస్తోందో ఒక్కసారి తలచుకోవాలి. నా విషయంలోనూ మా అమ్మాయికి ఆ జవాబు ఆ నిమిషంలోనే అవసరమేమీ లేదు, ఇవ్వాలన్న తొందర నాదే.

అందుకే పట్టిక మార్పుతో పాటు మరో చిన్న మనవి. మీ సమీక్షకులు ఏ కారునైనా పరీక్షించేటప్పుడు, ఇంజిన్ చప్పుడు సంగతి రాసినట్టే, మాటతో ఒక సందేశం పంపడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఎన్నిసార్లు తిరిగి చెప్పవలసి వచ్చిందో కూడా కొలిచి రాయాలి. ఆ కొలత బండి పక్కకు ఆపి తీసుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు