నాయన కన్ను నిలబెట్టినవాళ్లకు

వరికోతలప్పుడు మా నాయన కుడి కంటికి వరి ఆకు గీసుకుంది. "నలక పడ్డదిరా, అదే పోతది" అన్నడు. నాలుగో రోజుకు నల్లగుడ్డు మీద సున్నపు చుక్కంత తెల్లమచ్చ. మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే ఒక పూట ఎరుపు తగ్గింది, మేమూ నమ్మినం. అవి స్టెరాయిడ్ చుక్కలట. ఫంగస్ (బూజు) పట్టిన కంట్లో స్టెరాయిడ్ వేయడమంటే కలుపుకు యూరియా చల్లినట్టే.

మొదటి దండం మా మండలంలో కళ్లు చూసే విజన్ సెంటర్‌లో పనిచేసే చెల్లెకు. ఆ సీసా చూడగానే లాక్కుని సొరుగులో వేసేసింది. "తాతా, ఇంకో చుక్క పడొద్దు. ఈ రాత్రికే హైదరాబాద్ పోండి" అంది.

ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రిలో కంటికి మొద్దుబారే చుక్కలు వేసి, పుండును సన్నగా గీకి స్లైడు మీద చూశారు. ఫంగస్ పోగులు కనబడ్డయి. ఫంగస్‌ను చంపే 5 శాతం నాటమైసిన్ చుక్కలు రాశారు, రాత్రీ పగలూ గంటకోసారి. నేను ఉండబట్టలేక "మేడం, ఖరీదైనా సరే, ఇంకా కొత్త మందు రాయండి" అన్న. ఆవిడ విసుక్కోలేదు, కూర్చోబెట్టి చెప్పింది. దక్షిణాదిలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో ఇట్లాంటి ఫంగస్ పుండు ఉన్న 323 మంది మీద పరీక్ష చేశారట. సగం మందికి పాత నాటమైసిన్, సగం మందికి కొత్త వొరికోనజోల్. ఎవరికేది పడిందో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. మూడు నెలలకు పాత మందు వేసుకున్నవాళ్లకే చూపు మెరుగ్గా ఉంది, గుడ్డుకు చిల్లు పడటం, నల్లగుడ్డు మీది పొర మార్పిడి ఆపరేషన్ దాకా పోవడం కూడా తక్కువే. ఫ్యుజేరియం అనే ఫంగస్ విషయంలో తేడా మరీ ఎక్కువ. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నాయనదీ ఫ్యుజేరియమేనని తర్వాత ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షలో తేలింది.

ఆ 323 మందిలో పొలం పనులు చేసుకునేవాళ్లు చాలామంది. కన్ను పోతుందన్న భయంలో ఉండి కూడా ఆ పరీక్షలో చేరతామని సంతకం పెట్టారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు, వాళ్లకు తెలుగు రాదేమో కూడా. అయినా ఈ దండం వాళ్లకే.

రాత్రిళ్లు మా మేనబావ ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచేవాడు. మందు అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతిసారీ సీసా బాగా కుదిపి మరీ వేసేవాడు. తెల్లారేసరికి నాయన రెప్పవెంట్రుకలకు తెల్లగా పేరుకునేది, పిండి రుబ్బి వచ్చినట్టు.

పుండు మానింది, కంట్లో పువ్వు (తెల్లమచ్చ) మిగిలింది. దానికి మార్పిడి ఆపరేషన్ కావాలో లేదో తర్వాత చూస్తామన్నారు. మొన్న ఎడమ కన్ను మూసుకుని నా దిక్కు చూసి "గడ్డం గీసుకోరా" అన్నడు.