క్రిస్మస్ నిధి జమా ఖర్చులు: పాస్టరు గారి పుస్తకంపై కమిటీ వివరణ

సంఘ సభ్యులందరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనములు.

గడచిన క్రిస్మస్ కోసం వసూలైన సొమ్ము గురించీ, దాన్ని ఖర్చు చేసిన తీరు గురించీ, ముఖ్యంగా అందులోంచి పాస్టరు గారి పుస్తకం అచ్చు వేయించడం గురించీ ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గరా, ఫోన్లలోనూ నడుస్తున్న మాటలు కమిటీ చెవిన పడుతూనే ఉన్నాయి. పైసలతో సహా పూర్తి పట్టికను ఆలయ ద్వారం పక్కనున్న బోర్డుపై అంటించాం కనుక ఆ అంకెలను ఇక్కడ మళ్ళీ రాయకుండా, వచ్చిన మొత్తాన్ని నూరు వంతులుగా అనుకొని ఏ పద్దుకు ఎంతయిందో చెబుతున్నాం. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం పోగైన చందా విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా ఉండాలని, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా ఆ పనిలో కలుపుకొన్నట్టు పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో చెప్పాడు. కాబట్టి లెక్క అడిగినందుకు మాకు కోపం లేదు. అడగవలసిన చోట కాక మిగిలిన అన్ని చోట్లా అడిగినందుకు కొంచెం బాధ మాత్రం ఉంది.

ముందుగా జమ. ఇళ్ళ నుంచి వచ్చిన చందాలు 46 వంతులు. క్రిస్మస్ ముందురాత్రి, క్రిస్మస్ ఉదయం ఆరాధనల్లో వచ్చిన కానుకలు 29. పేరు చెప్పవద్దని కోరిన దాతలు ఇచ్చినవి 17. అంతకుముందు సంవత్సరపు నిల్వ 8. చందాలకు 6 రశీదు పుస్తకాలు వాడాం. రద్దు చేసిన రశీదులు కూడా చించకుండా పుస్తకాల్లోనే ఉన్నాయి. కానుకల సంచులను ఆరాధన ముగిసిన వెంటనే ముగ్గురు కలిసి లెక్కించి సంతకాలు చేశారు. ఆ ముగ్గురిలో ఒకరు కమిటీకి సంబంధం లేనివారు. యూదా రాజ్యాన్ని ఏలిన యోవాషు రాజు కాలంలో మందిరపు కానుకల పెట్టె నిండినప్పుడు రాజు లేఖికుడూ, ప్రధాన యాజకుడూ కలిసి లెక్కపెట్టేవారని రాజుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో చదువుతాం. ఒక్కరి చేతిలో లెక్క వదలకపోవడం మేము కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు.

ఇక ఖర్చు. ఆలయ అలంకరణకు, దీపాలకు, మైకు సెట్టుకు కలిపి 14. క్యారల్స్ బృందం రాకపోకలకు 9. పిల్లల నాటికకు, బహుమతులకు 8. ఆదరణ లేనివారికి సహాయం 21. చిల్లర ఖర్చులు 3. ప్రస్తుతం చేతిలో ఉన్న నిల్వ 8. వీటన్నిటికీ బిల్లులు ఉన్నాయి. చిల్లర ఖర్చుల్లో రెండింటికి మాత్రం బిల్లుకు బదులు కార్యదర్శి, కోశాధికారి సంతకాలున్న వోచర్లు ఉన్నాయి.

మిగిలిన 37 వంతులు పాస్టరు గారి పుస్తకం అచ్చుకు అయ్యాయి. వచ్చిన మాటలన్నీ దీని గురించే గనుక ఈ ఒక్క పద్దును వివరంగా రాస్తున్నాం.

పాస్టరు గారు సొంత పుస్తకం వేసుకొని ఖర్చును సంఘం నెత్తిన పెట్టారన్నది మొదటి మాట. ఇది నిజం కాదు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు ఆదివారాల్లో ఆయన ప్రసంగానికి ముందు చదివే చిన్న తలపోతలను పుస్తకంగా తెస్తే ఇంట్లో పిల్లలతో కలిసి చదువుకుంటామని అడిగింది సంఘంలోని కుటుంబాలే. ఆ మేరకు చేసిన తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది, దానిని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాం. ఆ రోజు చేతులెత్తినవారిలో కొందరు ఇప్పుడు తమకు తెలియకుండా జరిగిందంటున్నారు. పాస్టరు గారు ఈ పుస్తకానికి ఏమీ తీసుకోలేదు. హక్కులు సంఘానివని పుస్తకం రెండో పేజీలోనే అచ్చయింది. అచ్చయిన 500 ప్రతుల్లో ఇంటికొకటి ఉచితంగా ఇచ్చాం. అదనంగా కావలసినవారికి అచ్చు ఖర్చుకే ఇస్తున్నాం. అలా వచ్చే సొమ్ము సహాయ నిధికి చేరి వచ్చే లెక్కలో కనిపిస్తుంది.

కమిటీలో ఎవరి బంధువుకో పని అప్పగించామన్నది రెండో మాట. మూడు చోట్ల కొటేషన్లు తీసుకున్నాం, మూడూ ఫైల్లో ఉన్నాయి. అన్నిటికన్నా తక్కువ చెప్పిన ప్రెస్సును కాదన్న మాట నిజమే. అచ్చుకు ముందు తప్పులు దిద్దుకొనేందుకు ఇచ్చే ప్రూఫును వారు ఒక్కసారే ఇస్తామన్నారు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును ప్రెస్సు వాడే ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎలా చెదిరిపోతాయో ఈ పని చేసినవారికి తెలుసు. వాక్యభాగాలున్న పుస్తకాన్ని ఒక్క ప్రూఫుతో అచ్చుకు పంపడానికి మనసొప్పక రెండో తక్కువ కొటేషన్ ఇచ్చినవారికి పని ఇచ్చాం. వారు మాలో ఎవరికీ చుట్టాలు కారు.

పుస్తకంలోని విషయం మీద కూడా ఒక ఫిర్యాదు వచ్చింది. రెండో అధ్యాయంలో పాస్టరు గారు డిసెంబరు 25వ తేదీని ప్రశ్నించారని, సంఘ సొమ్ముతో క్రిస్మస్ మీదే అనుమానాలు అచ్చు వేయించామని కొందరు అన్నారు. ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదవమని మనవి. సువార్తల్లో తేదీ లేదని, ఆ తేదీకి మనకు దొరికే తొలి ఆధారం 336వ సంవత్సరం నాటి రోము పట్టికలో ఉందని, అర్మేనియన్ సంఘం నేటికీ జనవరి 6న ప్రభువు జననాన్ని జరుపుకొంటుందని ఆయన రాశారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవులు 1659లో క్రిస్మస్ జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టి, 1681లో ఆ చట్టాన్ని రద్దు చేసిన సంగతీ అందులో ఉంది. పండుగ చేయడమూ, మానడమూ రెండూ భక్తి పేరుతోనే జరిగాయి గనుక తేదీ మీద తగవు వద్దని చెప్పడానికే ఆయన ఇవన్నీ చెప్పారు. ఆ అధ్యాయం చివరి పేరా కూడా అదే.

ఇప్పుడు ఆలస్యం సంగతి. క్రిస్మస్ ముందు ఆదివారం చేతికి రావలసిన పుస్తకం జనవరి మూడో వారంలో వచ్చింది. యెరూషలేములోని అర్మేనియన్లు పాత (జూలియన్) పంచాంగం ప్రకారం జనవరి 19న క్రిస్మస్ చేసుకొంటారు గనుక వారి లెక్కలో మనం సరిగ్గా సమయానికే వచ్చామని పెద్దల్లో ఒకరు సరదాగా అన్నారు. సంఘం నుంచి వచ్చిన ఉత్తరాల్లో మాత్రం సరదా కనిపించలేదు.

జరిగింది ఇది. పుస్తకం మొత్తం 80 పేజీలు, అంటే ఒక్కో విడతలో అచ్చయ్యే 16 పేజీల ఫారాలు ఐదు. మూడో ఫారంలో 37 నుంచి 42 వరకు ఉన్న ఆరు పేజీల అధ్యాయం పాస్టరు గారి ఇంటికి సంబంధించినది. దూరంగా ఉండి చదువుకొంటున్న వారి అమ్మాయి డిసెంబరులో సెలవులకు వచ్చి ప్రూఫు చదివేనాటికి ఆ ఫారం అచ్చయిపోయింది. 39వ పేజీ అంచున ఆమె పెన్సిలుతో నిలువుగా ఒక గీత గీసి, పక్కన సన్నటి అక్షరాలతో ‘నాన్నా, ఇది నేను చెప్పుకోవలసిన సంగతి’ అని రాసింది. ఈ మాటను ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాం. ఆ సాయంత్రమే పాస్టరు గారు ప్రూఫు పట్టుకొని కార్యదర్శి ఇంటికి వచ్చి, అధ్యాయం తీసివేయవలసిందని కోరారు.

ఆ పేజీల్లో ఏముందో ఈ వివరణలో ఉండదు, దయచేసి ఎవరూ అడగవద్దు. సంఘ పెద్దల మీద విమర్శలు ఉన్నందువల్ల మేమే తీయించామన్న ప్రచారం పూర్తిగా అబద్ధం. పెద్దల ప్రస్తావన ఆ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు.

అధ్యాయాన్ని తీసి ఊరుకొంటే వెనక ఉన్న పేజీల సంఖ్యలన్నీ జరిగి, మూడు ఫారాలకు మళ్ళీ ప్లేట్లు చేయవలసి వచ్చేది. సరిగ్గా ఆరు పేజీల మరో అధ్యాయాన్ని ఆ చోట పెడితే ఒక్క ఫారం మళ్ళీ వేస్తే చాలునని ప్రెస్సువారు చెప్పారు. డిసెంబరు చివర ఆరాధనలు, ఇళ్ళ దర్శనాలు, ఆ మధ్యనే వచ్చిన భూస్థాపన కార్యక్రమాలు ముగిశాక గాని పాస్టరు గారికి కూర్చొని రాయడానికి కుదరలేదు. ఆరాధన ముగిసి అందరూ వెళ్ళాక కుర్చీలు సర్ది, తలుపులు వేసి వెళ్ళేవారి గురించి ఇప్పుడు అక్కడ కనిపించే అధ్యాయం అలా వచ్చింది. అందులో తమ పేరు లేదని ఇద్దరు నొచ్చుకొన్నారు. అందులో ఎవరి పేరూ లేదు.

తీసివేసిన ఫారం కాగితాలను తూకానికి అమ్మి ఉంటే జమలో చూపవలసింది కదా అని ఒకరు అడిగారు. అమ్మలేదు. కార్యదర్శి దగ్గరుండి ప్రెస్సులోనే కట్టింగ్ మెషీనుపై ముక్కలు చేయించారు. ఆ పేజీలు చేతులు మారి పొట్లాలుగా తిరిగి రాకూడదన్నది మా నిర్ణయం.

మంజూరైనది 32 వంతులు, ఈ మార్పు వల్ల పెరిగింది 5. ఆ ఐదింటినీ నెలనెలా తన జీతంలో కోసుకోమని పాస్టరు గారు ఉత్తరం రాసి ఇచ్చారు. కమిటీ ఒప్పుకోలేదు. ఏడుగురిలో ఇద్దరు ఆ సొమ్ము ఆయనే భరించాలన్నారు, వారి అభిప్రాయం పేర్లతో సహా మినిట్స్‌లో ఉంది. మిగిలినవారు ఎందుకు వద్దన్నారో చెప్పవలసిన బాధ్యత మాది.

పాస్టరు ఇంటిని సంఘం తన ఇల్లుగా వాడుకొంటుంది. క్రిస్మస్ నాడు అందరి పిల్లలూ తండ్రితో కలిసి ఆలయానికి వస్తారు. ఆ ఇంటి పిల్లలు నిద్ర లేచేసరికే తండ్రి వెళ్ళిపోయి ఉంటాడు. పుస్తకం ఐదో అధ్యాయంలో ఆయనే ఒక సంగతి రాశారు. ఒక క్రిస్మస్ మధ్యాహ్నం కనీసం రెండు గంటలు ఇంట్లోవారితో గడపాలని ఫోనును బీరువాలో బట్టల మధ్య పెట్టి తాళం వేశారట. అది లోపల మోగుతూనే ఉంటే, కాసేపటికి పాస్టరమ్మ గారే లేచి తాళం తీసి, ఏమీ అనకుండా ఫోను తెచ్చి ఆయన చేతిలో పెట్టారట. ఆ ఫోను చేసినది మనలో ఒకరే అయి ఉంటారు. ఆ పిల్లలు నవ్వితే ఒక మాట, నవ్వకపోతే మరో మాట అనుకొనేది కూడా మనమే. తన ఇంటిని ఏలనేరనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడని తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉన్న మాటను ఆ ఇంటి కొలబద్దగా వాడడం మనకు బాగా అలవాటు. తండ్రి ఆ ఇంటి పనిని సరిగ్గా చేసి, కూతురి మాట విని ఆరు పేజీలు వెనక్కి తీసుకొన్నప్పుడు, దానికైన ఖర్చును ఆ ఇంటి మీదే వేయడం న్యాయంగా మాకు తోచలేదు. ఇదే పరిస్థితి మళ్ళీ వస్తే మళ్ళీ ఇలాగే చేస్తాం.

పుస్తకానికి పెట్టింది బీదలకు పెట్టవలసిందన్నది చివరి మాట. సహాయానికి ఇచ్చిన 21 వంతులు అంతకుముందు సంవత్సరం ఇచ్చినదానికి తగ్గలేదు. పుస్తకం కోసం దానిలోంచి ఏమీ తీయలేదు. యేసు పాదాలకు పూసిన అత్తరును అమ్మి బీదలకు ఇవ్వలేదేమని మొదట అడిగింది, తరువాత ఆయనను అప్పగించిన ఇస్కరియోతు యూదా అని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉంది, అయితే అడిగిన సహోదరులను ఆ యూదాతో పోల్చడం లేదు.

నిజానికి సహాయ పద్దు పెరగడానికి దారి ఉంది. చందా జాబితాలో తమ చేత్తో తాము రాసిన మొత్తాల్లో దాదాపు ఐదో వంతు ఈనాటికీ రాలేదు. కష్టాల్లో ఉన్న రెండు మూడు కుటుంబాలు ముందే వచ్చి చెప్పాయి, వారి పద్దులను కొట్టివేశాం, ఆ విషయంలో ఎవరూ సంకోచపడనక్కరలేదు. మిగిలినవారికి రెండుసార్లు గుర్తు చేశాం. బాకీ ఉన్నవారికి కూడా లెక్క అడిగే హక్కు ఉంది. అడిగిన ప్రశ్నలన్నిటికీ ఇక్కడ జవాబిచ్చాం గనుక వారి వైపు నుంచి కూడా జవాబు కోసం ఎదురుచూస్తున్నాం. పేర్లు బోర్డుపై పెట్టాలన్న సూచనను కమిటీ తిరస్కరించింది. ఈ నెలాఖరులోగా వచ్చే ప్రతి పైసా సహాయ నిధికే వెళుతుంది.

రశీదు పుస్తకాలు మోస్తూ ఇంటింటికీ తిరిగిన యువజనులకు, మైకు సెట్టుకు బాడుగ తగ్గించిన సహోదరునికి, ప్రూఫులు చదివిపెట్టిన ఇద్దరు ఉపాధ్యాయినులకు, పేరు చెప్పవద్దన్న దాతలకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఖాతా పుస్తకం, వోచర్లు, మూడు కొటేషన్లు, మినిట్స్ పుస్తకం రాబోయే నాలుగు ఆదివారాలు ఆరాధన తరువాత వెస్ట్రీ గదిలో అందరికీ అందుబాటులో ఉంటాయి. తమ చందా పద్దును సరిచూసుకోదలచినవారు రశీదు ముక్క వెంట తెచ్చుకొంటే వెతకడం తేలికవుతుంది.

ఇట్లు,
కార్యదర్శి, కోశాధికారి
క్రిస్మస్ నిధి కమిటీ