జడ్జిగారి మకాం, ముద్దాయి వాయిదా

మిత్రమా,

నీ ఉత్తరం పోయిన వారం అందింది. మీ తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన డిక్రీ నకలు సంగతి చదివి చాలా సంతోషించాను. అయితే దావా వేసిన రెండేళ్లకే తీర్పు వచ్చిందని గమనించి, "దొరల కాలంలో కోర్టులు గడియారం ప్రకారం నడిచేవి, వాయిదాల జబ్బు మనం తెచ్చుకున్నదే" అని నీవు రాసిన వాక్యం దగ్గర మాత్రం నాకు ముందుకు సాగబుద్ధి కాలేదు. కాదని ఒక్క ముక్క రాసి పంపితే నీవు ఊరుకునే మనిషివి కావు. అందుకే తీరికగా కూర్చుని ఈ పొడుగాటి ఉత్తరం రాస్తున్నాను. నీవు కూడా తీరిక చూసుకునే చదువు.

గడియారం ప్రకారం నడిచేవన్న మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఆ గడియారాన్ని ఎవరి సౌకర్యం చూసి తిప్పారన్నదే నా ప్రశ్న. కోర్టు ఏ ఊళ్లో, ఏ నెలలో కూర్చోవాలో నిర్ణయించేటప్పుడు జడ్జి ప్రయాణాన్ని, ఎండను, సర్కారు ఖర్చును ముందు చూశారు; జైల్లో పడి ఉన్నవాడి రోజులనూ, సాక్షి వదిలిపెట్టి వచ్చిన పొలాన్నీ అన్నిటికంటే చివర చూశారు. నా వాదన ఇంతే.

చెన్నపట్నం కోట నుంచే మొదలుపెడతాను. 1678లో గవర్నరు స్ట్రేన్‌షామ్ మాస్టర్ తన కౌన్సిలుతో కలిసి కోటలోని ప్రార్థనామందిరంలో బుధవారం, శనివారం కూర్చుని వ్యాజ్యాలు వినాలని నిర్ణయించాడు. తరువాత 1726 నాటి రాజశాసనం మద్రాసు, బొంబాయి, కలకత్తా పట్టణాలకు మేయరు కోర్టులను ఇచ్చి, గవర్నరూ కౌన్సిలులోని పెద్దలూ ఏడాదికి నాలుగు సార్లు క్రిమినల్ విచారణలకు కూర్చోవాలని చెప్పింది. పట్టణానికి ఇటువంటి ఏర్పాటు చాలు. ఫిర్యాది, ముద్దాయి, సాక్షులు అందరూ నడిచి రాగలిగినంత దూరంలోనే ఉంటారు. బుధవారం కాకపోతే శనివారం. వాయిదా అసలు రూపం బయటపడింది, ఇదే పద్ధతిని జిల్లాల మీద పరిచినప్పుడు.

1793లో గవర్నరు జనరల్ కార్న్‌వాలిస్ బెంగాలులో నెలకొల్పిన కోర్టుల ఏర్పాటును 1802లో మద్రాసు రాజధానిలోనూ, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా, ప్రవేశపెట్టారు. జిల్లా కోర్టుల పైన మచిలీపట్నం, చిత్తూరు, తిరుచిరాపల్లి, తలచేరి పట్టణాలలో నాలుగు ప్రొవిన్షియల్ కోర్టులు, వాటన్నిటి పైన మద్రాసులో సివిల్ వ్యాజ్యాలకు సదర్ అదాలతు, క్రిమినల్ కేసులకు ఫౌజుదారీ అదాలతు ఏర్పడ్డాయి. మన సర్కారు జిల్లాలకు మచిలీపట్నం కోర్టు, దత్తమండలాలకు చిత్తూరు కోర్టు దిక్కు అయ్యాయి. ప్రొవిన్షియల్ కోర్టు జడ్జీలకు రెండు పనులు ఉండేవి. ఉన్న ఊళ్లో కూర్చుని సివిల్ అప్పీళ్లు వినడం ఒకటి. వంతుల వారీగా బయలుదేరి జిల్లా జిల్లాకూ వెళ్లి, హత్యలు, దోపిడీలు వంటి పెద్ద నేరాలను విచారించడం రెండవది. ఈ రెండవ పనికే సర్క్యూటు అని పేరు. ఇంగ్లండులో జడ్జీలు ఏడాదికి రెండు సార్లు పల్లెపట్టులు తిరిగి వచ్చే అలవాటునే ఇక్కడ దించారు కాబట్టి సర్క్యూటు కూడా ఆరు నెలలకు ఒకసారి సాగాలన్నది నియమం.

ఇంగ్లండులో ఆ ఏర్పాటుకు "జైలు డెలివరీ" అని పేరు. జడ్జి ఊళ్లోకి వచ్చి, అక్కడి జైల్లో విచారణ కోసం ఎదురుచూస్తున్న ప్రతి మనిషి సంగతీ తేల్చి, జైలు ఖాళీ చేసి వెళ్లాలని దాని అర్థం. వినడానికి ఎంత దయగల మాట! అయితే ఆ మాటను తిరగేసి చూడు: జడ్జి వచ్చేదాకా జైలు నిండుతూనే ఉండాలి కదా.

ఇప్పుడు మచిలీపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న దారిని ఒకసారి తలచుకో. జడ్జి పల్లకిలో, ఆయన వెంట గుమాస్తాలు, దస్తావేజుల పెట్టెలు, నేరానికి ఇస్లామీయ న్యాయం ప్రకారం ఫత్వా చెప్పవలసిన ఖాజీ, ముఫ్తీలు, డేరాలు, వంటవాళ్లు. ఇంత మందీమార్బలం కదలాలి. ఆ దారిలో గోదావరి మీద 1900 వరకు వంతెన అన్నదే లేదు, రాజమండ్రి రేవులో పడవలే గతి. వరద వస్తే ఎంత పెద్ద జడ్జి అయినా ఒడ్డున మకాం వేయవలసిందే. ఇక సర్క్యూటు జడ్జి రాజమండ్రిలో పని ముగించుకుని ఉత్తరానికి సాగిపోయిన మర్నాడే ఆ జిల్లాలో ఒక రైతును హత్యానేరం మీద పట్టుకున్నారని అనుకో. నేరం చేశాడో లేదో ఎవరికీ తెలియదు. అయినా జడ్జి మళ్లీ వచ్చేదాకా, అంటే నియమం తప్పకపోతేనే ఆరు నెలలు, అతడు జైల్లో ఉండాలి. వచ్చాక నిర్దోషి అని విడిచిపెడితే ఆ ఆరు నెలలకు ఏ తీర్పులోనూ లెక్క లేదు. వారం ముందు పట్టుబడిన మరొకడి సంగతి పది రోజుల్లో తేలిపోతుంది. ఇద్దరి మధ్య తేడా నేరంలో లేదు, సాక్ష్యంలో లేదు, పల్లకి ఏ రోజున ఊరు దాటిందన్న దాంట్లో ఉంది.

దోషి అని తేలినా కథ ముగియదు. మరణశిక్ష విధించవలసిన కేసులో సర్క్యూటు జడ్జి మాట ఒక్కటే చాలదు. రికార్డు మద్రాసులోని ఫౌజుదారీ అదాలతుకు వెళ్లి, అక్కడి ఆమోదం తిరిగి రావాలి. ప్రాణం తీసే ముందు మరొకరు చూడాలన్న నియమం మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. తరువాతి కాలపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఉరిశిక్షకు హైకోర్టు ఆమోదం తప్పనిసరి అయింది. కానీ ఆ కాగితాలు టపా మీద మద్రాసు వెళ్లి వచ్చే రోజులు కూడా ఖైదీ రోజులే.

ఇంత నెమ్మది ఆ ప్రభుత్వపు స్వభావంలోనే ఉందని అనుకుందామా? కలకత్తాలో మహారాజా నందకుమార్ మీద ఫోర్జరీ నేరం మోపినప్పుడు, ఇలైజా ఇంపీ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న సుప్రీంకోర్టు 1775 జూన్ 8న విచారణ మొదలుపెట్టి 16వ తేదీకి ముగించింది. ఆగస్టు 5న ఆయనను ఉరి తీశారు. గవర్నరు జనరల్ వారన్ హేస్టింగ్స్ మీద లంచం ఆరోపణ చేసిన మనిషి ఆయన. ఆ తీర్పు న్యాయమా అన్యాయమా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ జోలికి నేను పోను. తలచుకుంటే మండు వేసవిలోనూ రోజుల తరబడి ఎడతెగకుండా కూర్చోగలిగారన్న ఒక్క సంగతి నీకు చెప్పాలనిపించింది.

సర్క్యూటు వల్ల నలిగింది ముద్దాయి ఒక్కడే కాదు. ఫలానా నెలలో జడ్జి వస్తాడని కబురు అందగానే సాక్షులను జిల్లా కేంద్రానికి తోలుకుపోయేవారు. కోతల కాలమైనా, ఇంట్లో పురుడైనా కదలక తప్పదు. గొడవ చూసినవాడు చూడలేదని ఎందుకు అంటాడో, ఆ భయమంతా పోలీసుల వల్లనే కాదని దీన్ని బట్టి నాకు అర్థమైంది. చూశానని చెప్పినవాడికి కలిగే నష్టం చూడలేదని చెప్పినవాడికి లేదు మరి. థామస్ మన్రో ఈ కష్టాన్ని గుర్తించిన కొద్దిమంది దొరలలో ఒకడు. 1814లో న్యాయవ్యవస్థను సంస్కరించే కమిషనుకు అధ్యక్షుడై వచ్చి, 1816 నాటి రెగ్యులేషన్ల ద్వారా గ్రామ మునసబులకు పది రూపాయల లోపు దావాలు తీర్చే అధికారం ఇప్పించాడు. చిన్న బాకీకి ఊరి పెద్ద ఊళ్లోనే తీర్పు చెబితే ప్రయాణమే లేదు, వాయిదా భయం అంతకన్నా లేదు. ఆ ఊరి పెద్ద ఎవరి పక్షం వహించేవాడన్నది వేరే గొడవ, దానికి ఇంకో ఉత్తరం కావాలి.

చివరకు సర్క్యూటు కోర్టులను నెలకొల్పిన దొరలకే వాటితో విసుగు పుట్టింది. బెంగాలులో గవర్నరు జనరల్ బెంటింక్ 1829లో వాటికి స్వస్తి చెప్పాడు. మన వైపు మాత్రం 1843 చట్టం వచ్చేదాకా అవే సాగాయి. ఆ పైన జిల్లాలోనే ఉండే సెషన్సు జడ్జి వచ్చాడు. "సెషన్స్" అన్న మాటకు అర్థం కూర్చోవడమే; విడతలు విడతలుగా కూర్చునే కోర్టు కనుక ఆ పేరు. ఈనాడు మన సెషన్సు కోర్టులు ఏడాది పొడుగునా నడుస్తున్నా పేరు మారలేదు. ఇంకొక సరదా సంగతి కూడా చెప్పాలి. మన మేజిస్ట్రేటు కోర్టుల్లో కేసు నంబరు ముందు కనిపించే "సీ.సీ." అన్న అక్షరాలకు క్యాలెండర్ కేసు అని అర్థం. గోడకు వేలాడే క్యాలెండరుకూ దానికీ సంబంధం లేదు. విచారణకు నిలబెట్టవలసిన ఖైదీల జాబితాను ఇంగ్లండులో క్యాలెండర్ అనేవారు, ఆ మాటే ఇక్కడికి నడిచి వచ్చింది. అయినా ముద్దాయికి ఆ రెండు క్యాలెండర్లూ ఒకటే అయ్యాయని నాకు అనిపిస్తుంది.

కోడ్‌లు వచ్చాక పరిస్థితి బాగుపడలేదని అంటే అది అబద్ధం అవుతుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం హైకోర్టు సెషన్స్ ఎప్పుడెప్పుడు కూర్చోవాలో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించవలసి ఉండేది, ఆ సంగతి గెజిట్‌లో ముందుగా ప్రకటించవలసి ఉండేది. విచారణ ముగియని ముద్దాయిని మేజిస్ట్రేటు ఒక్కో విడతకు పదిహేను రోజులకు మించి రిమాండుకు పంపకూడదన్న నియమం ఉండేది. నీవు చెప్పే గడియారం ఇదే కావచ్చు. అయితే ఒక్కో విడత ఎంత ఉండాలో చెప్పిన ఆ సెక్షను, ఎన్ని విడతలు ఉండవచ్చో చెప్పలేదు. అదే కోడ్ కింద, సెషన్స్‌కు జూరర్‌గానో అసెసర్‌గానో, అంటే కేసు విని తన అభిప్రాయం చెప్పవలసిన పౌరుడిగా, పిలుపు అందుకుని తగిన కారణం లేకుండా రానివాడికి నూరు రూపాయల వరకు జరిమానా వేసే వీలుండేది. జడ్జి రాని రోజున సాక్షికి ఎవరు జరిమానా చెల్లించాలో మాత్రం ఏ సెక్షనూ చెప్పలేదు.

జమాబందీకి, అంటే ఏటా భూమిశిస్తు లెక్కలు తేల్చడానికి, గ్రామాలు తిరిగే రెవెన్యూ అధికారికే మేజిస్ట్రేటు అధికారం కూడా ఉండడం మరొక చిక్కు. ఆయన డేరా ఎక్కడుంటే కోర్టు కచేరీ అక్కడే. వాయిదా నాటికి మకాం ఇంకో ఊరికి మారిందని తెలిసి, ఫిర్యాది, ముద్దాయి, ఇద్దరి సాక్షులూ అన్నం మూటలు పట్టుకుని ఆ డేరా వెంట నడిచేవారు. జడ్జి ప్రయాణం వల్ల ఒకనాడు కేసు ఆగిపోయింది. ఇప్పుడు కేసే ప్రయాణం కట్టింది. న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి విడదీయాలని కాంగ్రెసు 1886 నుంచీ తీర్మానాలు చేయడం వెనుక పెద్ద సిద్ధాంతాలు ఉన్న మాట నిజమే గాని, ఈ కాళ్లనొప్పుల పాత్ర తక్కువదని నేను అనుకోను.

ఇక మీ తాతగారిది సివిల్ దావా కనుక ఆ వైపు కూడా చూద్దాం. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం కింద సివిల్ కోర్టులకు ఏడాదిలో మొత్తం రెండు నెలలకు మించకుండా సెలవులు ఇచ్చే వీలుండేది. అందులో ప్రధానమైనవి వేసవి సెలవులు. మే నెల ఎండలో కోర్టు మూయడాన్ని నేను ఆక్షేపించను; పైగా పల్లెల్లో రైతుకు చేను పని లేక కోర్టుకు రావడానికి వీలున్న కాలం కూడా సరిగ్గా అదే కావడం చూసి నవ్వు వస్తుంది. దావా వేయడానికి ఉన్న గడువు సెలవుల్లో తీరితే కోర్టు తెరిచిన రోజున దావా వేసుకోవచ్చని కాలదోషం చట్టం ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది. వాయిదాకు రానివాడి మీద మాత్రం దయ తక్కువ. వాది రాకపోతే దావా కొట్టివేత, ప్రతివాది రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే అతడు లేకుండానే తీర్పు. బంట్రోతు పిలిచినప్పుడు వసారాలో ఉన్నాడా, వీధి చివర ఉన్నాడా అన్న దానిమీద ఒక కుటుంబం భూమి ఆధారపడేది. ఆ ఉత్తర్వును రద్దు చేయించుకునే దారి చట్టంలో ఉన్నా, దానికి మళ్లీ పిటిషను, మళ్లీ ఫీజు, మళ్లీ వాయిదా.

నీవు నమ్మినా నమ్మకపోయినా, ఇవన్నీ పుస్తకాల్లో చదివి కోపం తెచ్చుకున్న మనిషిని కాను. ఒక చిన్న స్థలం తగాదాలో సాక్షిగా నేను మూడు వాయిదాలకు వెళ్లాను. మొదటిసారి లాయరు రాలేదు, రెండవసారి ఫైలు దొరకలేదు, మూడవసారి జడ్జిగారు సెలవు. నాలుగవసారి నన్ను పిలవనే లేదు. వాళ్లు రాజీ పడ్డారు. ఆ వసారాలో కూర్చున్న పూటలలోనే మొదటిసారి అనిపించింది, ఈ ఎదురుచూపు నాతో మొదలైనది కాదని.

కనుక మీ తాతగారి డిక్రీ నకలుతో నన్ను ఒప్పించలేవు. దావా దాఖలైన తేదీ, తీర్పు తేదీ చూసి నీవు లెక్క కట్టావు. ఆ రెండు తేదీల మధ్య ఆయన ఎన్నిసార్లు బండి కట్టుకుని మునసబు కోర్టుకు వెళ్లారో, ఎన్నిసార్లు ఉత్తచేతులతో తిరిగి వచ్చారో డిక్రీలో ఉండదు. అది దావా డైరీలో ఉంటుంది. పెట్టె అడుగున ప్లీడరు గుమాస్తా రాసిన ఖర్చుల చిట్టా గాని, సాక్షి బత్తా రసీదులు గాని ఏమైనా మిగిలాయేమో చూడు. వాటి మీద తేదీలు ఉంటే వరుసగా రాసి పంపు. ఆ ఏడాదుల పంచాంగం నేను సంపాదిస్తాను. ఎన్ని వాయిదాలు నాట్ల రోజుల్లో, ఎన్ని కోతల రోజుల్లో పడ్డాయో ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

నీ
పాత మిత్రుడు