మిగిలినవాళ్ల సంగతి ఎవరికీ పట్టదా?

సంపాదకుడు గారికి,

ఆత్మహత్యల నివారణ దినం ర్యాలీ ఫొటో పోయిన వారం మీ జిల్లా పేజీలో చూశాను. ముందు బ్యానరు పట్టుకున్న అధికారులు, వెనక ఎండలో నిలబెట్టిన కాలేజీ పిల్లలు. సంతోషం. అదే పేజీ కింద మూలన ఒక రైతు బలవన్మరణం వార్త. పాస్‌పోర్టు ఫొటో, ఊరు, ఇంటిపేరు, ఎలా చనిపోయాడో పూసగుచ్చినట్టు! ఇలా రాయొద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే చెప్పింది. ఆ కాగితం మీ డెస్కుకు ఇంకా చేరలేదేమో. మర్నాడు బడిలో ఆయన పిల్లల్ని నలుగురూ ఏమడుగుతారో ఎవరికీ తట్టలేదా?

నివారణ జరగాల్సిందే, కాదనను. జరిగిపోయాక ఇంట్లో మిగిలినవాళ్ల మాటేమిటి? 2022లో దేశంలో 1,70,924 మంది ఇలా పోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. వాళ్ల తల్లులు, భార్యలు, పిల్లలు ఏ లెక్కలో ఉన్నారు?

మా తమ్ముడు కౌలు రైతు. వాడు పోయాక పరామర్శకు వచ్చినవాళ్లంతా మా మరదల్ని అడిగింది ఒకటే, ‘ముందురోజు ఏమన్నా అన్నావా?’ అని. మామూలు చావైతే ఇంత అన్నం తినిపించి ఓదార్చేవాళ్లే, ఇక్కడికొచ్చేసరికి ఆరా తీసేవాళ్లయ్యారు. ఇక ఆఫీసులైతే సరేసరి. పాసుబుక్కు ఉండి 18 నుంచి 59 ఏళ్ల వయసున్న రైతు ఏ కారణంతో పోయినా 2018లో వచ్చిన రైతుబీమా కింద 5 లక్షలిస్తారు. కౌలుదారుకు అది లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి పరిహారమిమ్మనే 2004 నాటి 421 జీవో పట్టుకుని తిరగాలి. తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి కలిసి అది ‘నిజమైన’ రైతు ఆత్మహత్యేనని తేల్చాలట! అప్పు కాగితాలు తెమ్మన్నారు. చేబదులుకు కాగితం ఎవడు రాసిస్తాడండీ? ఒక గుమాస్తా అయితే ‘తాగుడు అలవాటుందా’ అని కొడుకు ముందే అడిగాడు. ఆధార్‌లో ఇంటిపేరు తప్పుందని మళ్లీ తిప్పారు. ఆ తప్పు ఎక్కించింది మా మరదలా? జనన ధ్రువపత్రానికైనా మరణ ధ్రువపత్రానికైనా చేతులు కట్టుకుని నిలబడితేనే పని జరిగే రోజులొచ్చాయి.

మా మరదలికి ధైర్యం వచ్చింది పక్కూరి నుంచి వచ్చిన ఒకామె వల్ల. ఆమె భర్తా అలాగే పోయాడు. వచ్చి ఏమీ అడగలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. వెళ్లేముందు మాత్రం, ‘ఆయన మీద కోపమొస్తది చెల్లె, వస్తే పాపమనుకోకు. నాకిప్పటికీ వస్తది’ అంది. ఇంటినిండా చుట్టాలున్నాం, మాలో ఒక్కరికీ నోట రాని మాట అది. తప్పంతా తనదేనని అప్పటిదాకా కుమిలిపోతున్న మనిషి ఆ రోజే నోరు విప్పింది. తర్వాత మండలాఫీసుకు తోడెళ్లిందీ ఆమే. బతుకమ్మ దగ్గర పక్కకు జరిగే ఆడవాళ్లుంటారని తెలుసు కాబట్టి, దసరాకు పిల్లల్ని తీసుకుని తన ఇంటికే రమ్మంది.

బ్రిటన్‌లో ఇలా అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల కోసం 1991లోనే ఒక సంఘం మొదలైంది. నడిపేదీ అలాంటివాళ్లే. మనకు సంఘాలు కొత్తా? డ్వాక్రా కిస్తీ కట్టడానికి కూర్చున్న ఆడవాళ్లు దీనికి కూర్చోలేరా? మగవాళ్లకు అదీ లేదు, కొడుకు పోయిన తండ్రి కల్లు దుకాణం దారి పడుతున్నాడు. మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు ఫోన్ సాయం టెలి మానస్ 14416 ఉంది, మంచిదే. బతకాలనిపించని రాత్రి ఎవరైనా ముందు చేయాల్సింది ఆ నంబరుకే. కానీ ఫోన్లో మాట్లాడినవాళ్లు పండక్కి పిలవరు కదా.

కేంద్రం 2022లో వ్యూహపత్రం తెచ్చింది, 2030కల్లా ఆత్మహత్యలు 10 శాతం తగ్గిస్తారట. ర్యాలీలతోనా? ఇలాంటి ఇళ్లేవో ఆశా కార్యకర్తలకు తెలుసు. ఇష్టమున్నవాళ్లను నెలకో పూట ఒకచోట కూర్చోబెట్టమనండి. ఉపన్యాసాలొద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. మా ఊళ్లో మహిళా సంఘం భవనం ఏళ్ల తరబడి తాళం వేసే ఉంది. ఆ తాళంచెవి ఏ ఆఫీసులో ఉందో మీ విలేకరి కనుక్కుంటే చాలు, చాపలు మేమే తెచ్చుకుంటాం.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ జిల్లా